నూతన గీతాభిప్రాయ సూత్రాలు: బరంపుర భాష్యం

బల్లి మీద పడితే దానికో శాస్త్రం ఉంది. తుమ్ముకి ఉంది. గోడకి కన్నం వెయ్యడానికి సైతం పూర్వులు పద్ధతులు రాసిపెట్టారంటారు. అలాంటి దేశంలో, కొత్త పాట విడుదలైన క్షణాన మనిషి నోట్లోంచి ఊడిపడే అభిప్రాయానికి మాత్రం ఇంతవరకు ఒక లక్షణగ్రంథం లేదు. ఆ లోటు పూడ్చే భారం గంజాం జిల్లా బరంపురంలో, పెద్దబజారు దాపున ఒక సందులో కాపురముంటున్న నా భుజాల మీద పడింది. ఎవరూ మోపలేదు, నేనే ఎత్తుకున్నాను.

అనుబంధ చతుష్టయం చెప్పకపోతే పండితులు పుస్తకం ముట్టరు కాబట్టి చెబుతున్నాను. విషయం: కొత్త పాట మీద అభిప్రాయం. పాట సంగతి సంగీతజ్ఞులు చూసుకుంటారు, మనకి దానితో పనిలేదు. ప్రయోజనం: టీ చల్లారేలోపల పొద్దుపోవడం. అధికారి, అంటే ఈ శాస్త్రానికి అర్హుడు: మొదట 'చెవులున్నవాడు' అని రాశాను. కొన్నాళ్ళు మా సందుని గమనించాక దాన్ని కొట్టేసి 'నోరున్నవాడు' అని దిద్దాను. ఈ విషయంలో మా బాబాయి ఇంకో అర్హత కలపమంటాడు. తెలుగు సినిమాకి వాడుక మాటలు నేర్పి, 1938లో 'మాలపిల్ల'కి సంభాషణలు రాసిన తాపీ ధర్మారావు పుట్టింది 1887లో ఇదే బరంపురంలో గనక, ఏ తెలుగు సినిమా పాట మీదైనా తీర్పు చెప్పే హక్కు మన ఊరివాళ్ళకి పుట్టుకతోనే వచ్చిందని ఆయన వాదం. కలిపాను. ఇక మిగిలింది సంబంధం. పాటకీ దాని మీది అభిప్రాయానికీ మధ్య ఉన్న సంబంధం. రుజువు దొరికితే చివర్లో చేరుస్తాను.

ముందుగా నిరుక్తం. పాశ్చాత్యులు కొత్త పాటల్ని పాప్, రాక్, కంట్రీ అని గంపలకెత్తుతారు. పాప్ అంటే 'పాపులర్' అన్న మాటకి తోక తెగిన రూపమని వాళ్ళ నిఘంటువులు. బాబాయి మతంలో అది 'పాపం' చివర సున్న రాలిపోయిన రూపం. పాడినవాడి మీద జాలి అందులోనే ఉంది. రాక్ అంటే రాయి, తగిలినవాడికి అర్థం చెప్పక్కర్లేదు. కంట్రీ దగ్గర మాత్రం మనకి వాళ్ళకన్నా స్పష్టత ఎక్కువ. కంట్రీ కోడి అంటే నాటుకోడి. కాబట్టి కంట్రీ సంగీతం అంటే నాటు సంగీతం. ఇంత చిన్న సమీకరణం తెలియక అమెరికాలో పెద్ద తగవులు నడిచాయి. 2019లో 'ఓల్డ్ టౌన్ రోడ్' అనే పాటని, ఇందులో నాటుదనం చాలదని బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ జాబితాలోంచి తీసి అవతల పెట్టింది. అవతల పెట్టిన ఆ పాట, అన్ని గంపలూ కలిపిన పెద్ద జాబితాలో 19 వారాలు పైనే కూర్చుంది. 2024లో బియాన్సే 'కౌబాయ్ కార్టర్' తెచ్చినప్పుడూ అదే ప్రశ్న: ఇది కంట్రీయేనా? మరుసటి ఏడు గ్రామీవాళ్ళు ఉత్తమ కంట్రీ ఆల్బమ్ బహుమతి చేతిలో పెట్టారు. మనవాళ్ళు తెలివైనవాళ్ళు. నాటు అన్న మాట ఒకటికి రెండుసార్లు పాట పేరులోనే పెట్టేశారు. 2023 మార్చిలో ఆస్కార్ పెద్దలకి గంపల గొడవే రాలేదు. ఆ వేదిక మీద కీరవాణి తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పారు. రిచర్డ్, కారెన్ అనే అన్నాచెల్లెళ్ళ జంట అది, 1970ల అమెరికా పాప్‌కి ముద్దుబిడ్డలు. టీవీ ముందు కూర్చున్న బాబాయి తల పంకించాడు.

"అదీ సంగతి. వడ్రంగుల మధ్య పెరిగాడన్నమాట. అందుకేరా ఆ దరువు మేకు దిగ్గొట్టినట్టుంటుంది!"

విన్నది తప్పు. అభిప్రాయం మాత్రం అతికినట్టు సరిపోయింది. శాస్త్రకారుడిగా నేను మేలుకున్నది ఆ రాత్రే.

మొదటి సూత్రం: 'శ్రవణాత్ పూర్వమభిప్రాయః.' వినడానికి ముందే అభిప్రాయం పుడుతుంది.

విననిదే ఎలా చెబుతారని పూర్వపక్షి అడుగుతాడు. అతనికి ఈ కాలపు విడుదల పద్ధతి తెలియదు. పాట వస్తోందని ముందొక పోస్టరు. ఆ పోస్టరు ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఇంకో పోస్టరు. తర్వాత ఇరవై ముప్ఫై సెకన్ల ప్రోమో. ఆ తర్వాత అక్షరాలు ఎగురుతూ కనబడే లిరికల్ వీడియో. అసలు పాట బయటికి వచ్చేసరికి మా టీకొట్టులో దాని మీద రెండు వర్గాలు ఏర్పడి, ఓ ఇద్దరికి మాటల్లేకుండా పోయి, మళ్ళీ కలిసిపోయి కూడా ఉంటారు.

ప్రత్యక్ష ప్రమాణం కావాలనేవారి కోసం ఒక ప్రయోగం చేశాను. బాబాయి రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఎదటివాడు ఊరి పేరు పూర్తి చేసేలోపల టికెట్టు మీద తేదీ గుద్దిన చెయ్యి అది. ఒక సాయంత్రం ఆయన చెవి దగ్గర ఫోను పెట్టి కొత్త పాట నొక్కాను. ముందుగా బట్టల సబ్బు ప్రకటన వచ్చింది. అయిదు సెకన్లాగితే దాటెయ్యొచ్చు. ప్రయోగం గనక నేను దాటెయ్యలేదు.

"ఏటిరా ఇది? మురికి, మరక, మరక, మురికి. సాహిత్యం సున్నా. ట్యూను మట్టుకు పర్లేదు," అని లేచి సంధ్యావందనానికి వెళ్ళిపోయాడు. అప్పుడు మొదలైంది అసలు పాట.

రెండో సూత్రం: అభిప్రాయం నోటితోనో ఒంటితోనో బయటపడుతుంది. దీనికి భరతముని సాక్ష్యం పలుకుతాడు. నాట్యశాస్త్రం 27వ అధ్యాయమంతా ప్రేక్షకుల మెప్పు గురించే. దానికి 'సిద్ధి' అని పేరు పెట్టాడు. మనుషులిచ్చే మెప్పులో నోటితో ఇచ్చేది, ఒంటితో ఇచ్చేది అని రెండు రకాలు. నోటితో అయితే చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, 'సాధు', 'అహో', 'కష్టం' అనడాలు, ఆపైన సభంతా ఒక్కటై చేసే హోరు. ఒంటితో అయితే గగుర్పాటు, లేచి నిలబడటం, పైబట్ట తీసి ఇచ్చెయ్యడం, అంగుళిక్షేపం. ఇందులో 'కష్టం' అనేది కరుణ బాగా పండినప్పుడు అనే మెచ్చుకోలు. మా సందులోనూ అంటారు, "కష్టంరా బాబూ, వినడం కష్టం" అని. మాట నిలిచింది, అర్థం వలసపోయింది. అంగుళిక్షేపం అంటే వేలి ఉంగరం తీసి విసరడమని పండితులు చెబుతారు. నా భాష్యం వేరు. భరతుడు వేలన్నాడంటే వేలే. బొటనవేలితో ఫోను మీద ఒక్క నొక్కు నొక్కి మెప్పు తెలియజేసే ఆచారాన్ని ఆ మహానుభావుడు అంత ముందుగా దర్శించాడు. ఉంగరం ఖర్చు కూడా మిగిలింది.

అదే అధ్యాయంలో శత్రువులు ప్రదర్శనని ఎలా పాడుచేస్తారో కూడా ఉంది: అరవడం, పేడ, మట్టిబెడ్డలు, చీమలు విసరడం. పేడకీ బెడ్డకీ ఈ కాలపు సమానార్థకాలు పాఠకులే ఊహించుకోగలరు. చీమల్ని ఎలా పోగుచేసి తెచ్చేవారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒక పాట నచ్చలేదని అంత శ్రమపడిన తరం మళ్ళీ రాదు.

పాశ్చాత్యులు ఈ శాస్త్రంలో కొలతల మీద పడ్డారు. 1969లో న్యూయార్క్‌లో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనే విమర్శకుడు కొత్త రికార్డులకి బడి మాస్టరులాగ ఎ, బి, సి అని మార్కులు వెయ్యడం మొదలుపెట్టాడు. 1990లలో పుట్టిన పిచ్‌ఫోర్క్ అది చాలక దశాంశాలు తెచ్చింది. ఒక ఆల్బమ్‌కి 7.8, ఇంకోదానికి 7.9. ఆ 0.1 ఎక్కడ ఉంటుంది, డోలు మీదా, గొంతులోనా అని అడగకూడదు. 2006లో జెట్ అనే ఆస్ట్రేలియా రాక్ బృందం ఆల్బమ్‌కి 0.0 ఇచ్చి, సమీక్ష రాయాల్సిన చోట ఒక్క కోతి వీడియో పెట్టి ఊరుకున్నారు. ఆ కోతి చేసిన పని ఇక్కడ రాయదగ్గది కాదు. బాబాయి దగ్గరున్న కొలబద్ద ఇంతకన్నా నాణ్యమైనది. మూడే గీతలు: 'బాగుంది', 'పర్లేదు', 'సౌండు తగ్గించు'. దశాంశం అవసరమైతే తువ్వాలు దులుపుతాడు.

అతి చిన్న అభిప్రాయం ఏది అన్నది ఈ శాస్త్రంలో పాత చర్చ. 1966 మే 17న మాంచెస్టర్‌లో, జానపద శైలి వదిలి ఎలక్ట్రిక్ గిటారు పట్టిన బాబ్ డిలన్ మీదికి ప్రేక్షకుల్లోంచి ఒకడు 'జూడాస్' అని అరిచాడు. గురుద్రోహి అని భావం. ఒక్క మాటలో రాక్ మీద జానపదప్రియుడి తీర్పు అంతా వచ్చేసిందని పాశ్చాత్యులు మురిసిపోతారు. మా సందులో అంత పొడుగు అక్కర్లేదు. 'ప్చ్' చాలు. ఈ 'ప్చ్' అచ్చు లేని పదం. అచ్చు లేకపోతే రాగం తియ్యడం కుదరదు. పాట మీద అభిప్రాయం పాడటానికి వీల్లేని మాటగా ఉండటం చూస్తే, భాషని కట్టినవాడు సామాన్యుడు కాడనిపిస్తుంది.

ఇక స్థలధర్మం. బరంపురంలో అభిప్రాయానికి రెండు నాలుకలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గీత జరిగింది గాని చెవులు జరగలేదు. ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు. హైదరాబాదులో వచ్చిన పాట జాతీయరహదారి పట్టుకుని మాదాకా రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మరో ఊళ్ళో అయితే పక్కవాడి పాటని తిట్టాలనిపించినప్పుడు సొంత భాషలోకి జారుకోవచ్చు. ఇక్కడ ఆ సుఖం లేదు. ఒడియా పాటని తెలుగులో తిడితే పక్కింటి ఒడియా మాస్టారు చక్కని తెలుగులో జవాబు చెబుతారు. తెలుగు పాటని ఆయన ఒడియాలో విసుక్కుంటే బాబాయి ఒడియాలో అందుకుంటాడు. గుట్టు దాగని ఊళ్ళో మర్యాద పెరుగుతుంది. అందువల్ల ఊరు ఒక మధ్యేమార్గం కనిపెట్టింది: తెలుగులో 'పర్లేదు', ఒడియాలో 'చళిబ'. చళిబ అంటే నడుస్తుంది అని. నడుస్తుందన్నప్పుడు పరిగెత్తదన్న సంగతి కూడా అందులోనే ఉంది. ఎవరికీ నొప్పి లేదు.

దీన్నుంచే మూడో సూత్రం: 'స్వత్వం మాధుర్యాత్ బలీయః.' తియ్యదనంకన్నా తనదనం బలమైనది. గుణుపూర్‌లో పుట్టి, గీతగోవింద గానంతో పేరుమోసిన రఘునాథ్ పాణిగ్రాహి 1956లో 'ఇలవేల్పు' సినిమాలో చందమామ మీద ఒక తెలుగు పాట పాడారు. మా వీధి అరుగు మీద ఈ పాట తగవు ఇంకా తెగలేదు.

"గొంతు మాది," అంటారు మాస్టారు.

"పాట మాది కదండీ మాస్టారూ," అంటాడు బాబాయి.

పాట బాగుందా లేదా అన్న ప్రశ్న ఇద్దరిలో ఒక్కరూ ఎత్తగా నేను వినలేదు.

ఈ నేల మీద కొత్త పాట నెగ్గడం ఒకప్పుడు ఇంత సులువు కాదు. ఘుముసర రాజవంశీకుడు ఉపేంద్ర భంజ 'బైదేహీశ బిళాస'ని ప్రతి పాదమూ 'బ'తో మొదలయ్యేలా రాశాడు, అదీ ఒక రామాయణం పొడవునా. ఆఠగడ వాడైన కవిసూర్య బలదేవ రథ్ 'కిశోర చంద్రానన చంపూ'లో 'క' నుంచి 'క్ష' దాకా అక్షరానికో పాట కట్టాడు, మొత్తం 34. అలాంటి పాట మీద అభిప్రాయం చెప్పాలంటే ముందు అక్షరాలు లెక్కపెట్టుకోవాలి, రాగం గుర్తుపట్టాలి, రాధ కోపంగా ఉందో అలకగా ఉందో తేల్చుకోవాలి. తేల్చుకునేలోపల తెల్లారేది. ఆ రోజుల్లో గంజాంలో అభిప్రాయాలు తక్కువగా ఉండేవని నా అనుమానం. దీనికి నా దగ్గర ప్రమాణం లేదు. అనుమానం కూడా ఒక ప్రమాణమేనని తార్కికులు అన్నారు గనక వదిలేస్తున్నాను.

జాబితాల సంగతికి వద్దాం. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలయ్యాక, పాటల వరస తేల్చే బాధ్యత ఒక టూత్‌పేస్టు కంపెనీ మోసింది. వారానికోసారి. బిల్‌బోర్డ్ పెద్ద జాబితా 1958 నుంచి, అదీ వారానికోసారే. మా ఊళ్ళో వరస తేలేది రెండేళ్ళకోసారి, ఠాకురాణీ జాతరలో. బుఢీ ఠాకురాణీ చైత్రమాసంలో దేశీబెహరా వీధికి పుట్టింటికి వస్తుంది. మహురి రాజుల కాలంలో రాజమహేంద్రవరం వైపు నుంచి మగ్గాలతో వచ్చామని చెప్పుకునే దేరా సాలీలు ఆమెకి పుట్టింటివారు. ఆ వారాలన్నీ ఊరు నిద్రపోదు. పులివేషాలు, దేవతల వేషాలు, వీధివీధికీ స్పీకర్లు. రెండేళ్ళ పాటల్లో ఏది ఆ దుమ్ములో, ఆ పులివేషం వాడి కాళ్ళకింద నిలబడితే అది పాట. మిగతావి 24 గంటల్లో ఎన్ని కోట్లమంది చూశారని సినిమావాళ్ళు చెప్పుకున్నా మాకు లెక్కలేదు. పులివేషం వాడు అభిప్రాయం చెప్పడు. ఒళ్ళంతా రంగు, మొహానికి పులితల. దరువు నచ్చకపోతే తోక సర్దుకునే నెపంతో ఆగుతాడు. నేనెరిగిన విమర్శకుల్లో విన్న తర్వాత తీర్పిచ్చేవాడు ఇతనొక్కడే. మొదటి సూత్రానికి అపవాదంగా చేర్చాను.

సంకరం మీద ఒక మాట. 1970లలో వచ్చిన సంబల్‌పురి పాట 'రంగబతి' అప్పటినుంచీ ఒడిశా పెళ్ళి ఊరేగింపులకి ఊపిరి. జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడిన ఆ నాటుపాటని 2015లో కోక్ స్టూడియోలో రామ్ సంపత్ తిరగకట్టారు. సోనా మహాపాత్ర, రితురాజ్ మొహంతి పాడారు. అందులోకి ఒడియా ర్యాప్, 'బందే ఉత్కళ జనని' కూడా వచ్చి చేరాయి. అంటే కంట్రీ, పాప్, రాక్ మూడు గంపలూ ఒకే బండిలో. పాట రాసినవారు, బాణీ కట్టినవారు అభ్యంతరం చెప్పారు. ఒడిశా అంతా రెండయింది. మా టీకొట్టులోనూ ఆ పూట వేడిగానే ఉంది. ఎవరో పెద్దాయన, కలవకూడనివి కలిపితే చెడతాయని గట్టిగా వాదిస్తున్నాడు. వాదిస్తూ వాదిస్తూ చేతిలోని ఆకుదొన్నెలోంచి పూరీ తుంచి, ఉప్మాలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. పూరీలోకి ఉప్మా నంజుకునే ఊరు మాది. తెలుగుదేశం నుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ దొన్నె చూసి నోరు తెరిచి, మళ్ళీ మూసి, మూడోనాటికి ఇంకో దొన్నె అడుగుతారు. ఆ పెద్దాయన వాదం మీద నేను భాష్యం రాయలేదు. దొన్నె రాసింది.

వయోగణితం తేలిక గనక క్లుప్తంగా చెబుతాను. పాట వచ్చిన ఏడులోంచి వినేవాడు పుట్టిన ఏడు తీసెయ్యండి. శేషం పన్నెండుకీ పాతికకీ మధ్య ఉంటే ఆ పాట అమృతం. నలభై దాటితే గోల. ఘంటసాల పోయిన 1974కి బాబాయికి పాతికేళ్ళు. ఆయన లెక్కలో సంగీతం కూడా ఆ ఏడే పోయింది. నాకు 1989 'గీతాంజలి' దగ్గర ఆగింది. ఇద్దరం ఒకరినొకరు చూసి జాలిపడతాం. పాత ప్రతిదీ మంచిది కాదని కాళిదాసు తన మొదటి నాటకం ముందే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చిందంటే, ఆయన ప్రేక్షకుల్లోనూ శేషం నలభై దాటినవాళ్ళు ముందువరసలోనే కూర్చున్నారన్నమాట.

ఈ గ్రంథం ఇక్కడికి ముగించి బైండింగుకి ఇద్దామనుకుంటుండగా బెంగుళూరు నుంచి మేనల్లుడు వచ్చాడు. పగలు కంప్యూటర్ ఉద్యోగం, రాత్రి స్నేహితులతో రాక్ బృందం. వాళ్ళ మొదటి పాట ఆ వేళే విడుదలైందట. గిటారు వాడిదే, గొంతూ వాడిదే, మాటలూ వాడివే. నడవాలో అందరినీ కూర్చోబెట్టి, బ్లూటూత్ డబ్బా బల్ల మీద పెట్టి, వెనక్కి నిలబడ్డాడు. వాడు పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో వాళ్ళ నాన్న అలాగే నిలబడ్డాడు.

"తాతయ్యా, మాస్టారుగారూ, మొహమాటపడకండి. ఎలా ఉంటే అలా చెప్పండి," అన్నాడు.

శాస్త్రంలో ఈ సందర్భానికి సూత్రం లేదని అప్పుడు తెలిసింది. గిటారు ఒక్కసారి ఝల్లుమంది. బాబాయి తువ్వాలు దులపబోయి, వాడి మొహం చూసి భుజం మీదే సర్దుకున్నాడు. "బాగుందిరా, గొంతు అచ్చం మీ ముత్తాతదే," అన్నాడు. ముత్తాత పాడేవాడని మా వంశంలో ఎవరూ చెప్పగా వినలేదు. మాస్టారు చెవి కాస్త పక్కకి వంచి, కాసేపు ఊరుకుని, "చళిబ బాబూ, భల చళిబ," అన్నారు. భల అన్న మాట ఆయన ఒక కొత్త పాట పక్కన పెట్టడం నేను వినడం అదే మొదలు. మా ఆవిడ లోపలనుంచే "అదిరిపోయింది" అంది. తాలింపు చప్పుడులో ఆమెకి వినబడిందని నేను చెప్పలేను. నేను నాలుగు మాటలు కూడబలుక్కుని, గిటారు స్థాయి గురించి, తెలుగులో రాక్ భవిష్యత్తు గురించి గంభీరంగా చెప్పాను.

అంతలో బల్ల మీది డబ్బా రెండుసార్లు కూసి, చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. పాట పట్టుమని నిమిషం కూడా అవలేదు, పల్లవి ఇంకా రానేలేదని వాడన్నాడు. తీగ కోసం లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి బాబాయి పేపరు విప్పుకున్నాడు, మాస్టారు చెప్పులు వెతుక్కుంటున్నారు, నేను నా అభిప్రాయం రెండోసారి, ఇంకొంచెం మెరుగ్గా, చెప్పుకుంటున్నాను.